లవంగం లేని తాంబూలం

ఒకానొక సామ్రాజ్యంలో, పేరు చెప్పినా ఇప్పుడు గుర్తుపట్టేవాళ్లు లేరు గనక చెప్పడం లేదు, రణభైరవుడనే చక్రవర్తి ఉండేవాడు. ఆయనకు ముప్పై రెండు బిరుదులు. భట్రాజులు అవన్నీ చదివి ముగించేసరికి వడ్డించిన అన్నం చల్లారిపోయేది. బిరుదులకు తోడు అనుమానం కూడా ఎక్కువే. తుమ్మినవాడు ఎందుకు తుమ్మాడో, తుమ్మనివాడు ఎందుకు ఆపుకున్నాడో రెండూ ఆయనకు తెలియాలి.

ఆ కొలువులో బాచన అడపం పట్టేవాడు. అంటే చక్రవర్తి వెన్నంటి తిరుగుతూ, తమలపాకుల పెట్టె మోస్తూ, అడిగినప్పుడల్లా ఆకులో వక్క, సున్నం పెట్టి చిలక చుట్టి ఇవ్వడం అతని పని. చుట్టిన చిలక విడిపోకుండా పైన ఒక లవంగం గుచ్చుతారు. రాజకుటుంబంలో ఎవరికి సున్నం ఎంత కావాలో, ఎవరికి ఏలక్కాయ పడదో అన్నీ బాచన వేళ్లకు తెలుసు. తెలిసిందంతా నోటితో చెప్పేవాడు కాదు. అందుకే ఇరవై ఏళ్లుగా అతని తల మెడ మీదే ఉంది.

ఒకనాటి మధ్యాహ్నం అందరూ భోజనాలు ముగించి తాంబూలాలు అందుకుంటున్నారు. చక్రవర్తి చూపు తమ్ముడు మహీధరుడి పళ్లెం మీద పడింది. అందులోని చిలకకు లవంగం లేదు. సన్నని ఈనెపుల్ల గుచ్చి ఉంది. అక్కడితో పోయేదే. కానీ మహారాణి చంపకదేవి పళ్లెంలోనూ అదే ఈనెపుల్ల కనబడింది.

"బాచనా! అందరికీ లవంగాలుంటే ఆ ఇద్దరికే పుల్లలేమిటి?"

"లవంగాలు నిండుకున్నాయి ప్రభూ."

"మా పళ్లెంలో ఏడు చిలకలున్నాయి. ఏడింటికీ లవంగాలున్నాయి."

బాచన నాలుక కరుచుకున్నాడు. చక్రవర్తి ఇంకేమీ అనలేదు. ఆయన అరిస్తే భయం లేదు, ఊరుకుంటేనే భయం.

అసలు సంగతి బాచన ఒక్కడికే తెలుసు. ఏడేళ్ల కిందట అన్న తరఫున పిల్లను చూసి, మాట ఖాయం చేసి, పల్లకీ వెంట తీసుకువచ్చినవాడు మహీధరుడే. నెల రోజుల ప్రయాణం. ఆ నెలలో అతని మనసు పల్లకీలో పడిపోయింది. లవంగం కొరికితే చంపకదేవి నోరు పొక్కిపోతుందని మొదట గమనించిందీ అతనే. "గుర్తుపెట్టుకో బాచనా" అని ఒక్కసారి చెప్పాడు. కోట గుమ్మంలో వధువును అన్నకు అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. ఆనాటి నుంచి పెళ్లి ఊసెత్తలేదు, లవంగం ముట్టలేదు. ఆవిడకు ఇవేవీ తెలియవు. ఆవిడ కళ్లు ఎప్పుడూ చక్రవర్తి మీదే. ఆ చక్రవర్తి కళ్లేమో బిరుదుల మీద.

సాయంత్రం చక్రవర్తి బాచనను ఏకాంతంగా పిలిపించాడు.

"మా తమ్ముడికి ముప్పై ఏళ్లొచ్చినా పెళ్లెందుకు లేదు? రాణి వీణ వాయిస్తుంటే వాడు లేచి ఎందుకు పోతాడు? కూర్చుంటే సంగీతం కోసమనుకోవచ్చు, లేచి వెళ్లడమేమిటి? రేపు వాడికి మా చేత్తో తాంబూలమిచ్చి నల్లకొండ సరిహద్దుకు పంపుతున్నాం."

బాచనకు సంగతి అర్థమైంది. చక్రవర్తి చేతి తాంబూలం అందుకుంటే కాదనడానికి లేదు. నల్లకొండకు పోయిన ముగ్గురు సేనాపతుల్లో ఒక్కడూ తిరిగి రాలేదు.

"పంపండి ప్రభూ. కానీ రుజువు లేకుండా పంపితే లోకం తమరినే అంటుంది. రేపు రాణీగారి పుట్టినరోజు. తలా ఒక చిలక ఆవిడకు చుట్టమనండి. ఆవిడ రుచి ఎవరికి తెలుసో అదే బయటపడుతుంది."

చక్రవర్తి మీసం దువ్వాడు. అప్పటికప్పుడు తాటాకు మీద శాసనం రాశాడు. 'అడగకుండా రాణి రుచి ఎరిగినవాడు అంతఃపురానికి పరాయివాడు. తెల్లవారేసరికి వాడు నల్లకొండ దారిలో ఉండాలి. ఎవరికీ మినహాయింపు లేదు.' ముద్ర వేసి, సభ దాకా విప్పకూడదని ఆజ్ఞాపించాడు.

బాచన నేరుగా గుర్రపుశాలకు పరుగెత్తాడు. మహీధరుడు తన గుర్రానికి మాలీసు చేస్తున్నాడు.

"చినదొరా, కాళ్లు పట్టుకుంటాను. రేపు ఒక్క లవంగం గుచ్చండి. ప్రాణం దక్కుతుంది."

విషయమంతా విన్నాక మహీధరుడు గుర్రం మెడ నిమిరాడు.

"ఆవిడ దాన్ని నోట్లో పెట్టుకుంటుందిగా బాచనా?"

"పెట్టుకుంటే ఏమైంది? నాలుగు రోజుల పొక్కులు! నల్లకొండ కన్నా నయమే కదా!"

"తెలిసి తెలిసి నా చేత్తో అయితే ఇవ్వలేను."

బాచనకు ఏడుపొచ్చింది, ఒళ్లు మండిపోయింది కూడా. ప్రేమించేవాళ్లతో ఇదే చిక్కు, బతికిద్దామన్నా బతకరు. తిరిగి వస్తూ దారిపొడుగునా గొణుక్కున్నాడు. వంటశాల ముందుకొచ్చేసరికి ఏదో తట్టింది. లోపలికెళ్లి వంటమనిషిని ఒక మాట అడిగాడు. బయటికొచ్చి చాకలామెను అడిగాడు. తర్వాత గబగబా చక్రవర్తి దగ్గరికి పోయాడు.

"ప్రభూ, రాజకుటుంబం చేత మాత్రమే చుట్టిస్తే గిట్టనివాళ్లు మాట్లాడతారు. రాజమాత మొదలు మావటివాడి దాకా ఇరవైమంది చుట్టాలి. తమరూ ఒకటి చుట్టాలి. అన్ని కళలూ ఎరిగిన చేయి పక్కన ఉంటే దొంగచేయి తేలిగ్గా దొరుకుతుంది."

"ఆ మాట నిజమే" అన్నాడు చక్రవర్తి.

మర్నాడు సభలో ఇరవైయొక్క దొప్పలు వరసగా పెట్టారు. ప్రతి దొప్ప మీదా ఇంకో దొప్ప బోర్లించి ఉంది. అడుగున చుట్టినవారి పేరు రాసిన ఆకుముక్క. చంపకదేవి సంబరంగా వచ్చి కూర్చుంది. బాచన మొదటి దొప్ప తెరిచాడు. ఈనెపుల్ల! పేరు మహీధరుడిది.

చక్రవర్తి సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. "దొరికాడు!" అని శాసనం విప్పి తానే చదివాడు. చంపకదేవి ముఖంలో రక్తం లేదు. మహీధరుడు తల వంచి తాంబూలం కోసం చెయ్యి చాచాడు.

"ఒక్క క్షణం ప్రభూ," అన్నాడు బాచన. అని నవ్వాడు కూడా. "ఇంకా ఎవరైనా ఉంటే కలిపే పంపొచ్చు. బళ్లు ఒకేసారి కట్టించవచ్చు."

రెండో దొప్ప తెరిచాడు. ఈనెపుల్ల. పేరు రాజమాతది.

"నేనూ వెళ్లాలా నాయనా?" అంది ముసలావిడ. "మోకాళ్లు లేవడం లేదు. పల్లకీ పెట్టించు."

మూడోది వంటమనిషిది, ఈనెపుల్ల. నాలుగోది చాకలామెది, ఈనెపుల్ల. దాదిది, ద్వారపాలకుడిది, ప్రధానిది, చివరికి మావటివాడిది కూడా. "ఏనుగుకు చెరుకు తినిపించడానికొచ్చినప్పుడు, లవంగానికి నోరు పొక్కిందని అమ్మగారే అన్నారండయ్యా" అన్నాడు వాడు బెదురుతూ. ఇరవై దొప్పలు తెరిచారు. ఇరవై ఈనెపుల్లలు.

"కోటంతా నల్లకొండకే," అన్నాడు బాచన. "రేపటి నుంచి ఏలినవారు ఒక్కరే ఇక్కడ ఉంటారు. వంట మాత్రం ఎవరు చేస్తారో తెలియదు."

చక్రవర్తికి చిర్రెత్తింది. "ఇంకొకటి ఉందిగా! తెరువు!"

ఇరవైయొకటో చిలక మిగతావాటికి రెండింతలుంది. లవంగం ఒకటి కాదు, మూడు గుచ్చి ఉన్నాయి.

"ఇంత చిన్న సంగతి తెలియని మొద్దు ఎవడు?" అంటూ చక్రవర్తి ఆకుముక్క లాగి చదవబోయాడు. అది పేరు కాదు, బిరుదుల వరస. మూడో బిరుదు దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది.

బాచన చేతులు జోడించాడు. "శాసనం ప్రకారం అనుమానానికి అతీతులు ప్రభువులొక్కరే. రాణీగారి గురించి ఏమీ తెలియదని నిండు సభలో రుజువైంది."

అప్పుడు చంపకదేవి లేచి వచ్చి ఆ మూడు లవంగాల చిలకను చేతిలోకి తీసుకుంది. నోటి దగ్గరికి తీసుకెళ్లేసరికి చక్రవర్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటా పండుగనాడు నేనిచ్చే తాంబూలం? దానికీ లవంగం ఉంటుంది కదా!"

"తిన్నాను స్వామీ. మీరు మీ చేత్తో ఇచ్చేది ఆ ఒక్కరోజే కదా."

ముప్పై రెండు బిరుదులున్న మనిషి ఆ చిలకను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత ముడుచుకుంది, ఆ తర్వాత ఏమనుకున్నాడో పక్కున నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అది చూసి రాజమాత నవ్వింది, సభంతా నవ్వింది.

నవ్వు ఆగాక చక్రవర్తి తమ్ముడి వైపు తిరిగాడు. "సరే, అందరికీ తెలుసు. కానీ నీ పళ్లెంలో లవంగం ఎందుకు..." అని ఆగిపోయాడు. తమ్ముడి ముఖం చూశాడు. చక్రవర్తి ఆ అనుమానాన్ని నోట్లోనే మింగేశాడు. అలా మింగడం ఆయనకు అదే మొదలు.

"బాచనా, ఈ శాసనాన్ని ఏం చేద్దాం?"

"ఇప్పించండి ప్రభూ. మంచి తాటాకు, సన్నగా చీలిస్తే రాణీగారి చిలకలకు నెల రోజుల పుల్లలొస్తాయి."

చక్రవర్తి మళ్లీ నవ్వి తన చేతి కంకణం తీసి బాచన చేతికి తొడిగాడు.

నాలుగు రోజుల తర్వాత మహీధరుడు తీరప్రాంతపు పాలన తానే అడిగి పుచ్చుకున్నాడు. అన్న కౌగిలించుకుని సాగనంపాడు. చంపకదేవి గుమ్మం దాకా వచ్చి కుంకుమ పెట్టింది.

"ఈసారి ఒంటరిగా రావద్దు మరిదీ. నాకు తోడికోడల్ని తీసుకురండి."

"అలాగే వదినా" అన్నాడు మహీధరుడు నవ్వుతూ, గుర్రమెక్కాడు.

చక్రవర్తి తాంబూలం అడిగాడు. బాచనకు కళ్లు మసకబారి వక్క చేతికి దొరకలేదు.