బుట్టలో పెట్టిన పిల్లలు

"అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టడం న్యాయం కదా, అవ్వా?" అని అడిగాడు చెన్నకేశవులు. అడిగింది ఎవరిననుకున్నారు? చీర మోకాళ్ల దాకా ఎగగట్టుకుని, ఈనబోయే పంది కింద ఎండుగడ్డి సర్దుతున్న ఎరుకల ఓబుళమ్మను. ఆమే అతని గురువు. తత్త్వం చెప్పమని ఎంతటివాడు వచ్చినా ఆ పందుల దొడ్డి అరుగు మీదే కూర్చోవాలి. వాసన పడనివాడు లేచిపోవచ్చు. ఆమె ఎవరినీ ఆపలేదు, ఎవరి కోసమూ పందుల్ని దాచలేదు.

కేశవులు భయం చిన్నదేమీ కాదు. ఊళ్లో బడి లేదు, ఉన్నదల్లా భజన గుడి. దాని తాళంచెవి అతని మొలలోనే ఉంటుంది. ఎరుకల వీధి పిల్లలకు అందులో అక్షరాలు నేర్పుతానని వాళ్ల తల్లులకు మాటిచ్చాడు. ఊరి పెద్దలు కాదనలేదు, అదే వాళ్ల గడుసుదనం. "గుడి కప్పు పూర్తి కానీ, నాలుగు వీధులూ ఒక మాట మీదికి రానీ, అప్పుడు అందరి పిల్లల్నీ ఒకేసారి కూర్చోబెడదాం" అన్నారు. తమ పిల్లల్ని మాత్రం బండి కట్టించి పక్కూరి బడికి పంపుతూనే ఉన్నారు. అలా రెండేళ్లయింది. ఎదిరిస్తే తాళంచెవి లాక్కుంటారు.

ఓబుళమ్మ పంది పొట్ట తడిమి చూసింది. "దీనికి నొప్పులు మొదలైనాయి. నీళ్లు తెస్తా, చూస్తా ఉండు" అని కడవ ఎత్తుకుని వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి నాలుగు పిల్లలు పుట్టాయి. కేశవులు ఒక్కోదాన్నీ గుడ్డతో తుడిచి బుట్టలో పెట్టి, పైన గోనె కప్పాడు. ఇప్పుడే వదిలితే ముందొచ్చినవి తాగేసి వెనకవాటికి లేకుండా చేస్తాయని, అన్నీ వచ్చాక ఒకేసారి వదలాలని అతని ఆలోచన. అవి వణుకుతూ గీపెడుతున్నా మనసు రాయి చేసుకుని కూర్చున్నాడు.

ఆమె కడవ దించీ దించకముందే బుట్ట లాక్కుని నాలుగింటినీ చన్నులకు అందించింది.

"ఇంకా ఈనుతోంది కదా అవ్వా, అప్పుడే పాలెక్కడివి?"

ఆమె రెండు చుక్కలు అతని అరచేతిలోకి పిండింది. పసుప్పచ్చగా, జిగటగా ఉన్నాయి.

"ముర్రుపాలు. మొదటి పిల్ల బయటపడకముందే సిద్ధమైనాయి. రోగాన్ని తట్టుకునే సత్తువను తల్లి కడుపులో ఉన్నప్పుడు ఇయ్యలేదు నాయనా, అంతా దీంట్లోనే పెట్టింది. ఈనేటప్పుడే ఇది చిక్కన. గంట గంటకూ పలచబడతా పోతుంది. రేపటికి ఇదే తల్లి, ఇవే చన్నులు, ఉత్త పాలు. రేపటికి పిల్ల పేగు కూడా ఆ సత్తువను లోపలికి రానీదు. పోయినేడు ఒక పెద్దమనిషి మాట విని, అన్నీ వచ్చేదాకా ఆపినా. తొమ్మిదింట్లో అయిదు వారం తిరక్కుండానే పోయినాయి."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఇంకా కోపం ఉంది. అది ఆమెకు తన మీద ఉన్న కోపం.

"మరి వెనక పుట్టేవాటి గతేంది?" అన్నాడు కేశవులు, పట్టు వదలకుండా.

ఆమె అయిదో పిల్లను తుడిచి చన్నుకు అందించింది. కాన్పు మధ్యాహ్నం దాకా సాగింది. మొత్తం పదకొండు. చివరి మూడూ పిడికెడంతే ఉన్నాయి. మొదటి నాలుగూ పొట్టలు బిగదీసుకుపోయేలా తాగి కూడా, పాలెక్కువ ఉండే ముందు చన్నులు వదల్లేదు. ఓబుళమ్మ వాటిని మెడ పట్టి ఎత్తి, ఇందాకటి బుట్టలోనే వేసి గోనె కప్పింది. అవి దొడ్డి ఎగిరిపోయేలా అరిచాయి. ఆమె ఖాతరు చెయ్యలేదు. చివరి మూడింటినీ తెచ్చి ఆ చన్నులకు పెట్టింది. వాటిలో ఒక పిల్ల రెండుసార్లు జారిపోయి, మూడోసారికి గట్టిగా పట్టుకుంది.

చూస్తున్న కేశవులుకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెంటే రెండేళ్లుగా రాని కోపం వచ్చింది. లేచి పంచెకంటిన గడ్డి దులుపుకుని, మొలలోంచి తాళంచెవి తీసి చేత పట్టుకున్నాడు.

"ఈ సాయంత్రమే తలుపు తీస్తా అవ్వా. మీ వీధి పిల్లల్ని పంపు. కప్పు లేకుంటే ఎండ పడుతుంది, పడనీ. తాళంచెవి లాక్కుంటే గుడి మెట్ల మీద కూర్చోబెట్టి చెప్తా." రెండడుగులు వేసి ఆగాడు. "పెద్దలొచ్చి, మా పిల్లలు రాకముందే ఎట్లా మొదలుపెట్టినావని గద్దిస్తే ఏం చెప్పమంటావు?"

ఓబుళమ్మ చిన్న పందిపిల్ల మీది చెయ్యి తియ్యలేదు, అరుస్తున్న బుట్ట వైపు తల తిప్పనూ లేదు.

"కడుపు నిండినోళ్లను కాసేపు బుట్టలో కూచోమను."