గానుగ దగ్గర గంతల రూలు

వాగు అవతల, అడవి అంచున, జంతువులే నడుపుకునే నూనె గానుగ ఒకటుండేది. యజమాని ఏనుగు పెద్దయ్య. మేస్త్రీ నక్క జంబయ్య. గానుగ తిప్పేది మాత్రం ఎద్దు బూదన్న. పదేళ్లుగా ఆ కాడి అతని మెడ మీదే ఉంది. బూదన్న ఒక్కరోజు రాకపోతే అడవిలో ఒక్క పొయ్యి మీద కూడా గారె వేగదు.

ఆ ఏడు వానాకాలంలో బూదన్నకి కళ్ల జబ్బు చేసింది. కొంగ వైద్యుడు ఎన్ని పసర్లు పోసినా రెండు కళ్ల చూపూ పోయింది. మూడు నెలలు కొట్టంలో పడుకున్నాక ఒంట్లో బలం తిరిగొచ్చింది, చూపు రాలేదు. కొత్త నువ్వుల వాసన గాలిలో తగిలిన రోజున ఇక ఉండబట్టలేక తడుముకుంటూ పనికి బయల్దేరాడు. దారిలో కుడితి తొట్టికి మోకాలు కొట్టుకున్నా ఆగలేదు.

జంబయ్య ఎదురొచ్చి కళ్లొత్తుకున్నాడు.

"అయ్యో మామా, ఈ స్థితిలో నీకు పనేంటి? కొట్టంలోకే కుడితి పంపిస్తాం, హాయిగా తాగి పడుకో. నిన్ను కష్టపెడితే ఆ పాపం మాకు చుట్టుకుంటుంది."

అసలు సంగతి వేరే ఉంది. బూదన్న స్థానంలో అప్పటికే దున్నపోతు నల్లప్ప చేరిపోయాడు. చేర్చినందుకు తన వంతు తెలగపిండిలో సగం రోజూ జంబయ్యకి ముట్టజెబుతున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా మరి.

బూదన్న కొట్టానికి తిరిగొచ్చి కూలబడ్డాడు. వేళకి కుడితి వస్తూనే ఉంది, ఆకలి బాధ లేదు. తన మెడ ఇక ఎవరికీ అక్కర్లేదన్న దిగులే అతన్ని తినేసింది.

అప్పుడొచ్చింది మేక చుక్కమ్మ. ఆవిడకి వెనక కాలొకటి పొట్టి. గడ్డి అటక అందడం లేదని, మెట్టు వేయించేదాకా పెద్దయ్య గుమ్మం ముందు నుంచి కదలని మొండిది. ఇప్పుడు ఆ మెట్టు ఎక్కని జంతువు లేదనుకోండి, అది వేరే మాట. నేరుగా పెద్దయ్యనే వెళ్లి పని అడగమంది.

"చూపు లేనివాణ్ణి, ఏమని అడగను చుక్కమ్మా?" అన్నాడు బూదన్న.

"అడగందే అమ్మైనా పెట్టదన్నా. ముందు ఒకటి చెప్పు. పదేళ్లు గానుగ తిప్పావే, తిప్పుతున్నంతసేపూ నీ కళ్లకి ఏం కనిపించేది?"

బూదన్నకి సంగతి వెలిగింది. మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పెద్దయ్య ముందు నిలబడి, బూదన్న పని బూదన్నకి ఇమ్మని అడిగారు. ఇస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టవుతుందని జంబయ్య అడ్డం తిరిగాడు. కావాలంటే పందెం పెట్టమన్నాడు. నల్లప్ప ఒక వాయి నువ్వులు ఆడాలి, బూదన్న ఒక వాయి ఆడాలి. ఆగకుండా, చుట్టు తప్పకుండా ఎవరు ఆడితే పని వాళ్లది. బూదన్న మూడో చుట్టులోనే గానుగ చుట్టూ ఉన్న దడిలో దూరతాడని జంబయ్య ధీమా.

"సరే," అంది చుక్కమ్మ. "పని మాత్రం మేస్త్రీ గారి రూళ్ల ప్రకారమే జరగాలి. ఒక్కటి కూడా తప్పకూడదు."

"నా రూళ్లు నేనే తప్పుతానా?" అని జంబయ్య ఛాతీ విరిచాడు.

"అయితే ఆ గోడ మీది మొదటి రూలు కాస్త చదవండి."

బొగ్గుతో రాసిన ఆ రూలు చదవబోయి జంబయ్య గొంతు తగ్గించాడు. కళ్లకి గంతలు కట్టుకోనిదే ఎవరూ కాడి కిందికి రాకూడదని పదేళ్ల కిందట రాసింది తనే. కళ్లు తెరిచి గుండ్రంగా తిరిగితే పశువుకి తల తిరుగుతుందనీ, మధ్యమధ్య నువ్వులు నాకుతుందనీ పెట్టిన రూలు. గంతలంటే నల్లప్పకి చిరాకు కాబట్టి ఈ మూడు నెలలూ ఆ రూలు ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు అందరి ముందూ గంతలు కట్టక తప్పలేదు. నల్లప్ప ఒక చుట్టు తిరిగి బెదిరి ఆగిపోయాడు. పెద్దయ్య ఎంత గదమాయించినా దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. చివరికి కదిలాడు గాని, కదిలినవాడు నేరుగా పోయి దడిలో దూరాడు.

బూదన్న వంతు వచ్చింది. మెడ మీద కాడి పడగానే అతనికి కన్నీళ్లు ఆగలేదు. గంతలు అప్పటికే కట్టారు. కట్టినా కట్టకపోయినా అతనికి ఒకటే. ఆ చుట్టు కాళ్లకి తెలుసు, నువ్వులు నలిగేకొద్దీ మారే రోకలి చప్పుడు చెవులకి తెలుసు. ఎక్కడా ఆగకుండా వాయి పూర్తిచేశాడు.

జంబయ్య అంత తేలిగ్గా వదుల్తాడా? "తిప్పుతాడు సరే, ఇక్కడిదాకా రోజూ ఎవరు తోలుకొస్తారు?" అన్నాడు. అడిగింది నక్కే అయినా, అడగాల్సిన ప్రశ్నే అది.

చుక్కమ్మ నోరు తెరవబోయింది గాని, బూదన్నే ముందుకొచ్చాడు.

"ఎవరూ తోలుకురానక్కర్లేదు మేస్త్రీ. కొట్టం నుంచి గానుగ దాకా గుంజలు పాతి ఒక తాడు కట్టించండి. దాన్ని రాసుకుంటూ నేనే వస్తాను. దారికడ్డంగా ఉన్న ఆ కుడితి తొట్టి పక్కకి జరిపించండి."

పెద్దయ్య తల ఊపి, ఆ రెండు పనులూ జంబయ్యకే అప్పగించాడు. జంబయ్య గొణుక్కుంటూ తాడు కట్టాడు. తొట్టి జరపడానికి ఒళ్లు వంగక, తాడునే దాని పక్కగా వంకర తిప్పి, తొట్టి సంగతి తర్వాత చూద్దామన్నాడు.

పుష్యమాసం వచ్చింది. ఒక పొద్దున అడుగు దూరంలో ఏముందో కనపడనంత మంచు కురిసింది. జంతువులన్నీ తాడు పట్టుకుని బూదన్న వెనకాలే పనికి నడిచాయి. జంబయ్యకి మాత్రం ఆ తాడు ముట్టుకోవడం నామోషీ. అడ్డదారిన పరిగెత్తి, తను జరపని తొట్టిలోనే దబ్బున పడ్డాడు.

"కుడితిలో పడ్డ ఎలుకను చూశాం గాని, నక్కను చూడటం ఇదే మొదలు," అంది చుక్కమ్మ.

బూదన్న చప్పుడును బట్టి దగ్గరికి వెళ్లి తల వంచాడు.

"కొమ్ము పట్టుకో మేస్త్రీ. పైకొచ్చాక తాడు నీ ఎడమ పక్కన ఉంటుంది."

జంబయ్య కుడితి కారుతూ తాడు పట్టుకుని బూదన్న వెనకాల నడిచాడు. ఆ మధ్యాహ్నానికల్లా తొట్టి పక్కకి జరిగింది.

దారి సరిచేస్తే చాలు, పనిచేసేవాడు తనంతట తానే వస్తాడు.