నవ్వని లంక

ఏటికి ఈ ఒడ్డున మెట్ట, ఆ ఒడ్డున లంక. మెట్ట నిండా రాళ్ళు, లంక నిండా గడ్డి. రాళ్ళ మధ్య గాడిదలు బతికేవి, గడ్డి మధ్య గేదెలు బతికేవి. నడివేసవిలో తప్ప ఏరు నిండుగా పారుతూ, ఈ ఒడ్డు మాట ఆ ఒడ్డుకు వినపడనిచ్చేది కాదు.

మెట్టలో వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. నమలడానికి తుమ్మకంప కూడా మిగల్లేదు. గాడిదల మంద సగం చెల్లాచెదురైంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న చుక్కి అనే ఆడగాడిద, ఏరు మోకాటిలోతుకు దిగిన రోజు చూసుకుని లంక వైపు కదిలింది. చిన్ననాటి నుంచి పక్కపక్కనే మేసిన పోలి ఒడ్డుదాకా సాగనంపింది.

"పో పో. నీ ఓండ్ర వినపడకపోతే మా చెవులైనా బాగుపడతాయి" అంది పోలి.

"నేను పోతే నీ మొహం చూసి దడుసుకునేవాళ్ళు ఎవరుంటారే?" అంది చుక్కి.

ఇద్దరూ విరగబడి నవ్వారు. నవ్వుతూనే పోలి గబుక్కున తల అటు తిప్పేసుకుంది. మెట్టలో అంతే. ప్రేమను ప్రేమగా చెప్పుకోవడం వాళ్ళకు సిగ్గు.

పొద్దుగూకితే చాలు, గాడిదలన్నీ బూడిదగుట్ట చుట్టూ చేరి ఒకదాన్నొకటి ఎత్తిపొడుచుకునేవి. ఎవరి మాటకు అందరూ ఎక్కువ నవ్వితే వాళ్ళకు ఆ పూట గుట్ట నడుమ, వెచ్చటి బూడిదలో పొర్లే చోటు. ఆ చోటు చాలాసార్లు చుక్కిదే. మాట సగంలో ఉండగానే నవ్వు లేచేది. దాని మాటల్లో సగం అసలు పూర్తయ్యేవే కావు. ఒకసారి చుక్కి గోతిలో పడితే, "ఆ గొయ్యి నీ మీద మనసుపడ్డట్టుంది, వదిలేలా లేదు" అని నవ్వుతూనే జూలు పట్టుకుని పైకి లాగారు.

ఆ నవ్వునే వెంటబెట్టుకుని చుక్కి లంకలో అడుగుపెట్టింది.

సాయంత్రం వేళ గేదెలు పాయలోంచి ఒక్కొక్కటే ఒడ్డెక్కుతున్నాయి. అన్నిటికంటే ముందు నడిచేది ముసలిగేదె కాటుకమ్మ. మందకంతటికీ ఆవిడే పెద్ద. చుక్కి హుషారుగా ఎదురెళ్ళింది.

"దణ్ణం అత్తా! అబ్బ, ఇంత లావు నీడ నేనెక్కడా చూళ్ళేదు. ఇదంతా నీదేనా, లేక మందలో అందరి నీడలూ నువ్వొక్కదానివే మోస్తున్నావా?"

అని చెవులు రిక్కించుకుని నిలబడింది. మెట్టలో అయితే ఈపాటికి నవ్వులకు దుమ్ము లేచేది.

కాటుకమ్మ నములుతూ చూసింది. వెనకున్న గేదెలూ నములుతూ చూశాయి. చాలాసేపటికి కాటుకమ్మ, "గడ్డి అటుంది" అని ముందుకు నడిచిపోయింది.

కొత్త కదా అని చుక్కి తనకు తనే సర్దిచెప్పుకుంది. మర్నాడు కొమ్ముల మీద ఒక మాట వేసింది. ఆ తర్వాత తోకల మీద వేసింది. చివరికి తన చెవుల మీద తనే వేసుకుంది. అంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నమలడం, చూడడం, గడ్డి అటుంది.

పోనీ గేదెలు హాస్యమాడవా అంటే, ఆడతాయి. అది హాస్యమని చుక్కికి తెలిసేది కాదు, అంతే. ఒకనాడు దాహమేసి పాయలో దిగబోతుంటే కాటుకమ్మ పెద్దరికంగా చెప్పింది: "ఇందులో ముసలి మొసలుంది. పాపం, పళ్ళన్నీ ఊడిపోయాయి. చప్పరించి వదిలేస్తుందంతే. కంగారుపడకు."

ఒక్క గేదె మొహంలోనూ కండ కదల్లేదు. చుక్కి పొద్దుపోయేదాకా నాలుక పిడచకట్టుకుని ఒడ్డునే నిలబడింది.

మర్నాడు తెల్లవారగానే, మెడలోతు నీళ్ళలో ఉన్న గేదెలన్నీ ఒక్కసారిగా ముక్కులతో బుసలుకొడుతూ, మూపులు ఎగరేస్తూ నవ్వాయి. పాయంతా ఊగింది. అలా రోజూ పొద్దున్నే నవ్వుతాయి. సాయంత్రం ఎంత చక్కటి మాట చెప్పినా పెదవి కదపనివాళ్ళు, పొద్దున తను నోరే విప్పకుండా నవ్వుతున్నారంటే, ఇంక దేన్ని చూసి? తన చెవుల్ని చూసి. తన గొంతు విని. చుక్కి అలాగే అనుకుంది.

కాటుకమ్మ మనవరాలు జున్ను అప్పుడే పుట్టిన పెయ్యదూడ. ఇంకా లోతుకు దిగలేదు. పెద్దవాళ్ళు పాయలో ఉన్నంతసేపూ ఒడ్డున దాన్ని కాసే పని చుక్కికి అప్పజెప్పారు. "నీకు గొంతుంది కదా" అంది కాటుకమ్మ. అదీ ఎగతాళే అనుకుంది చుక్కి.

రోజూ మునిమాపున ఇసకతిన్నె చివరికి పోయి నిలబడేది. ఏటికవతల మెట్ట గుట్టలు నీలంగా, గీత గీసినట్టు కనపడేవి. ఇప్పుడు బూడిదలో నడిమి చోటు ఎవరిదో! ఉండబట్టలేక ఒకరోజు తన నీడ మాటను ఆ గుట్టలకే వినిపించింది.

"అమ్మబాబోయ్, చంపేశావు వదినా!" అని రెల్లులోంచి పకపకా నవ్వు వినపడింది.

"ఎవరది?"

"నవ్వలేక ఛస్తున్నవాణ్ణి!" అంటూ నక్క బయటికొచ్చింది. "ఆ నీడ మాట మళ్ళీ ఒక్కసారి చెప్పవూ?"

చుక్కి మొదలుపెట్టింది. సగంలోనే నక్క ఇసకలో పడి దొర్లింది. మాట సగంలో ఉండగానే నవ్వు! ఎన్నాళ్ళకు! చుక్కి కళ్ళు చెమర్చాయి.

"నీ విలువ ఆ మొద్దులకేం తెలుసు వదినా? గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన అని ఊరికే అంటారు గానీ, ఆ సామెత గేదె మీద కట్టాల్సింది!"

చుక్కి అంతగా నవ్వి ఎన్నాళ్ళో అయింది. ఇక రోజూ సందె వేళ అక్కడే. నక్క బావా అని తను, వదినా అని అది. ఒకరోజు నక్క మెల్లగా అంది:

"రేపు పొద్దున ఆ పసిదాన్ని కూడా ఇటు తీసుకురా వదినా. మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఇప్పుడే నవ్వు నేర్పితే, పెద్దయ్యాక వాళ్ళ అమ్మమ్మలా తయారవదు."

"అదీ నిజమే బావా" అంది చుక్కి. నవ్వేవాడి దగ్గర మనసు ఒదులవుతుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి నోటికొచ్చింది. "బావా, ఆ కరువులో ఒకనాడు మా అమ్మ, ఎండిన వాగులో తడిమట్టి నాకుతూ..."

"హహ్హహ్హా! మట్టి నాకుతూ! పొట్ట చెక్కలైపోతోంది వదినా!"

చుక్కి ఆగిపోయింది. అక్కడే ఒరిగిపోయింది, మళ్ళీ లేవలేదు అనే మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది. అప్పుడు చూసింది నక్క కళ్ళను. నోరు నవ్వుతోంది గానీ కళ్ళు నవ్వడం లేదు. అవి చుక్కిని దాటి, దూరంగా పడుకున్న జున్ను మీద ఉన్నాయి.

చుక్కి గుండె జారింది. గొంతు మాత్రం జారనివ్వలేదు.

"బాగుంది కదూ బావా? పొద్దున రా. మిగతా సగం అప్పుడు చెబుతాను."

నక్క వెళ్ళగానే పరుగున కాటుకమ్మ దగ్గరికి పోయింది.

"అత్తా! తెల్లారేసరికి నక్క వస్తుంది, జున్ను కోసం! ఇది హాస్యం కాదు, నిజం. మా అమ్మ మీద ఒట్టు!"

కాటుకమ్మ నమిలింది. మిగతా గేదెలూ నమిలాయి. చుక్కి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. చివరికి కాటుకమ్మ అంది:

"గడ్డి అటుంది."

'రోజూ నవ్వులాటలాడి, నిజం చెప్పే నోరు పోగొట్టుకున్నాను. నా నోటి దురదకు పసిది బలైపోతుందా? ఇంక నేనూ, నా వెనక కాళ్ళూ. అంతే' అనుకుంది చుక్కి.

తెల్లవారింది. పాయ మీద మంచు కమ్మేసి నీళ్ళే కనపడటం లేదు. చుక్కి జున్నును పక్కనే పొదమాటున పడుకోబెట్టి నిలబడింది. రెల్లు కదిలింది.

"తెచ్చావా వదినా?" నక్క నాలుక తడుపుకుంది.

"తెచ్చాను. ముందు కథ విను. కాకపోతే ఒకటి బావా, మా మెట్టలో కళ్ళు మూసుకుని నవ్వడం మర్యాద."

"నీ మర్యాదే నా మర్యాద!" నక్క కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఒక ఊళ్ళో ఒక నక్క ఉంది. దానికి నవ్వడం వచ్చు గానీ వినడం..."

"హహ్హహ్హా!"

మిగతా మాట నక్క వినలేదు. చుక్కి గిరుక్కున తిరిగి, రెండు వెనక కాళ్ళూ కలిపి ఒక్క తన్ను తన్నింది. నక్క గాల్లో పల్టీకొట్టి, వెనకాల ఉన్న నల్లరాతికి తగులుకుని కిందపడింది. తల పైకెత్తి చూస్తే ఆ రాయి నములుతోంది.

రాయి కాదు, కాటుకమ్మ. మంచులోంచి ఒక్కొక్క కొమ్ముల జతే బయటపడింది. చుట్టూ మందంతా నిలబడి ఉంది.

"అత్తా... నవ్వులాటకి వచ్చానంతే" అంది నక్క వణుకుతూ.

"మేమూ నవ్వుదామనే వచ్చాం నాయనా" అంది కాటుకమ్మ నిదానంగా. "కాకపోతే మాకు నవ్వొచ్చేసరికి రేపు పొద్దునవుతుంది. అందాకా ఇక్కడే కూర్చో."

కొమ్ములు ఇంకాస్త దగ్గరయ్యాయి. ఖాళీగా ఉన్నది నీళ్ళవైపే. నక్క ఒక్క దూకు దూకింది.

"మొసలుంది, భద్రం! కంగారుపడకు, చప్పరించి వదిలేస్తుందంతే!" అని కాటుకమ్మ వెనకనుంచి చెప్పింది. నక్క కుయ్యోమంటూ, ఉన్న నాలుగు కాళ్ళూ పైకి ముడుచుకుని ఈదబోయి, మునిగి తేలి, ప్రవాహంలో కొట్టుకుపోయింది. ఆ లంకలో మళ్ళీ దాని నీడ పడలేదు.

మొసలి మాట హాస్యమని చుక్కికి అప్పుడు వెలిగింది. ఆపుకోలేక ఓండ్రపెట్టి నవ్వింది. గేదెలన్నీ చిన్నబుచ్చుకున్నట్టు దానివైపు తిరిగాయి.

"నా మాట అంత తేలికైపోయిందా అమ్మాయ్?" అంది కాటుకమ్మ. "నమలకుండానే నవ్వేశావు."

"అదేంటత్తా? బాగుంటే వెంటనే నవ్వరా?"

"వెంటనే నవ్వితే, అందులో నమలడానికి ఏమీ లేదని తోసేసినట్టు. మంచి మాటను రాత్రంతా నెమరేసుకుని, పొద్దున నీళ్ళలో దిగాక నవ్వుతాం. పెద్దల నాటి నుంచీ అంతే."

"అయితే రోజూ పొద్దున మీరు నవ్వేది..."

"నీ మాటలకే. వచ్చినరోజు నీడ మాట ఒకటన్నావు చూడు, అందులో ఇప్పటికీ రసం ఊరుతూనే ఉంది."

"మరి నిన్న నేనంత ఏడుస్తూ చెబితే, గడ్డి అటుంది అన్నారే?"

"పరాయివాళ్ళకు గడ్డి చూపిస్తామా? నీ మాట మాకు చేరింది, నువ్వు తిని పడుకో, మిగతాది మేం చూసుకుంటాం అని దానర్థం." కాటుకమ్మ దగ్గరికొచ్చింది. "మీ అమ్మ మీద ఒట్టేశావు. ఏమైంది ఆవిడకు?"

చుక్కి చెప్పింది. ఈసారి రెండో సగం కూడా చెప్పింది. మధ్యలో ఎవరూ ఏమీ అనలేదు, నమిలారు. మర్నాటి పొద్దున గేదెలు నీళ్ళలో దిగాయి గానీ పాయ ఊగలేదు. కాటుకమ్మ తడిమూతిని చుక్కి మెడకు ఆనించి చాలాసేపు నిలబడింది.

మళ్ళీ వేసవి వచ్చింది, ఏరు తగ్గింది. అవతల ఒడ్డున తెలిసిన ఓండ్ర వినపడి చుక్కి పడుతూ లేస్తూ ఏటి నడిమికి పరుగెత్తింది. అటునుంచి పోలి వచ్చింది. ఎముకలు తేలింది గానీ నోరు తగ్గలేదు.

"బూడిదగుట్టలో నీ చోటు ఎవరికీ ఇవ్వలేదే" అంది పోలి. మరుక్షణమే సిగ్గుపడి, "నువ్వు పొర్లి పొర్లి అక్కడ గొయ్యి పడింది. ఎవరికీ పనికిరాదు" అంది.

చుక్కి గుండె నిండిపోయింది. నవ్వు మాత్రం రాలేదు. దవడ దానంతటదే మెల్లగా కదిలింది.

పోలి చెవులు వాలిపోయాయి. "ఏమే, కోపమా?"

"లేదే. చాలా బాగుంది."

"బాగుంటే నవ్వుతారు గానీ, బాగుందని చెబుతారా ఎవరైనా!"

అంతలో ఎగువన కురిసిన వానకు ఏరు ఎర్రబడి, నీళ్ళు పొట్టకు తగిలాయి. లంక ఒడ్డున జున్ను అదేపనిగా అరుస్తోంది. ఒకరి మెడ మీద ఒకరు మెడ వేసుకున్నారు. తర్వాత ఎవరి ఒడ్డు వాళ్ళెక్కారు.

మర్నాడు తెల్లవారి, మెడలోతు నీళ్ళలో నిలబడి ఉండగా చుక్కికి నవ్వొచ్చింది. గొయ్యి పడిందట! ఎవరికీ పనికిరాదట! నవ్వీ నవ్వీ కళ్ళవెంట నీళ్ళు కారాయి. మెట్టవైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి నవ్వింది. ఏరు నిండుగా పారుతోంది. ఆ నవ్వు పోలికి వినపడిందో లేదో.

విని ఆలస్యంగా నవ్వేవాడు చుట్టం. వినకుండా ముందే నవ్వేవాడు నక్క.