సంచిలో మోసిన షబ్బాత్

అనగనగా, ఎన్ని అనగాలు అన్నా చాలనంత దూరాన, ఒక రేవు పట్టణం. అక్కడ ఎల్కానా అనే యూదు వర్తకుడు ఉండేవాడు. అతను లవంగాల మూట విప్పితే ఏడు దీవుల అవతల తిమింగలాలు తుమ్మేవి. ఇది అబద్ధమైతే ఊడిపోయిన నా పళ్ళన్నీ మళ్ళీ మొలుచుగాక.

అతనికి యాయేలు అనే భార్య, తిర్సా అనే ఏడేళ్ళ కూతురు, మాటలొచ్చిన గాడిద ఒకటి.

శుక్రవారం పొద్దు వాలితే యూదులకు షబ్బాత్. మర్నాడు చుక్కలు పొడిచేదాకా పని లేదు, ప్రయాణం లేదు. మనుషులకే కాదు, గాడిదకూ విశ్రాంతే. పొద్దు గుంకకముందే యాయేలు రెండు దీపాలు వెలిగించేది. అందరూ కలిసి పాడేవారు. ఎల్కానా తిర్సా తల మీద చెయ్యి వేసి దీవించేవాడు. ఆ తరువాతే ద్రాక్షరసం, జడలా అల్లిన రొట్టె. నాన్న చెయ్యి పడందే ఆ పిల్లకు షబ్బాత్ వచ్చినట్టే కాదు.

ఒకసారి కొండల అవతలి రాజుకు లవంగాల మీద మనసు పడింది.

"దారిలోనే షబ్బాత్ చేసుకుంటాను," అన్నాడు ఎల్కానా. "దీపాలు, రొట్టె, రసం, అన్నీ ఈ సంచిలో పడతాయి."

"నా తల కూడా పడుతుందా?" అంది తిర్సా.

ఎల్కానా నవ్వి గాడిదను అదిలించాడు.

మొదటి శుక్రవారం సత్రంలో దిగాడు. దీపాలు పెట్టి పాట ఎత్తుకున్నాడు. ఒక చరణం తాను పాడితే తరువాతిది ఇంట్లోవాళ్ళు అందుకోవడం వాళ్ళ ఆనవాయితీ. పాడి, ఆగాడు. ఎవరూ అందుకోలేదు. గాడిద గొంతు సవరించుకుంది.

"నువ్వు వద్దులే," అన్నాడు.

రెండో శుక్రవారం రాజుగారి తోటలో రొట్టె తుంచాడు. అలవాటు చొప్పున మూడు ముక్కలు చేశాడు. ఒకటి తిన్నాడు. మిగతా రెండూ అతని వంకే చూస్తూ కూర్చున్నాయి.

మూడో శుక్రవారానికి తిరుగు దారిలో ఇల్లు దగ్గరపడింది. మధ్యలో ఒక సంత కనబడింది. మిగిలిన మూట కూడా అమ్మేసి పోదామనుకున్నాడు. అమ్మేసరికి పొద్దు గుంకబోతోంది. ఇల్లు ఇంకా మూడు క్రోసులు ఉంది.

"కాస్త పరుగెత్తవే," అన్నాడు.

"పరుగెత్తాల్సింది పొద్దున కదా, షావుకారూ," అంది గాడిద. "విశ్రాంతి ఆజ్ఞలో నా పేరు కూడా ఉంది. సంచి దించండి."

చేసేది లేక ఒక బండ మీద దీపాలు వెలిగించాడు. పాడాడు. దీవెన వేళకు చెయ్యి దానంతట అదే లేచింది. కింద తల లేదు. రెండు పిచ్చుకలు వచ్చి దాని మీద గూడు కట్టుకునేంతసేపు ఆ చెయ్యి గాలిలోనే నిలిచింది. చివరికి గాడిద తల మీద వాలింది.

"ఈ దీవెన నాది కాదు, షావుకారూ," అంది గాడిద మెల్లగా. "దీని సొంతదారు గడపలో నిలబడి ఎదురుచూస్తోంది. ఎన్ని వారాలు చూస్తుందో నాకు తెలియదు."

ఎల్కానా ఏడ్చిన ఏడుపుకు ఎండిన వాగు మూడు రోజులు పారింది.

మర్నాడు చుక్కలు పొడిచాక ఇల్లు చేరాడు. గడపలో తిర్సా లేదు. ఆ వారమంతా అతనితో ముక్తసరిగానే మాట్లాడింది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం రాజభటుడు దిగాడు.

"ఇంకో నూరు మూటలు కావాలట. ఇప్పుడే బయలుదేరు."

"ఆదివారం వస్తాను."

"రాజుగారి మాట కాదంటావా?"

"కాదనను నాయనా, ఆదివారం అంటున్నాను. అందాకా ఆగలేకపోతే లవంగాలు ఇంకొకరి దగ్గర కొనుక్కోమను."

భటుడు వెళ్ళిపోయాడు. ఎల్కానా కూతురి దగ్గరికి వెళ్ళాడు.

"తిర్సా, దీవెనకు రా తల్లీ."

"నా తల ఖాళీ లేదు. జడ వేసుకుంటున్నాను."

"ఎంతసేపు?"

"నాకేం తెలుసు?"

"సరే," అని అక్కడే నేల మీద కూర్చున్నాడు.

యాయేలు దీపాలు సిద్ధం చేసింది. తిర్సా జడ అల్లింది, విప్పింది, మళ్ళీ అల్లింది. నాన్న కదలలేదు. పిల్ల ఓరకంట చూసింది. యాయేలు దీపాలు వెలిగించగానే మెల్లగా వచ్చి తల వంచింది.

ఎల్కానా చెయ్యి వేసి దీవించాడు. తీయబోతే తిర్సా గట్టిగా పట్టుకుంది.

"ఇంకో మూడు," అంది.

"మూడెందుకే?"

"పోయిన వారాలవి."

మూడూ ఇచ్చేసరికి రొట్టె చల్లారింది. అయినా అంత తియ్యటి రొట్టె ముల్లోకాల్లో ఎవరూ తినలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, షబ్బాత్ అన్ని చోట్లకూ వస్తుంది. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చున్న చోటే నిండుతుంది.