ఎర్రి సన్యాసి, కాలేయం

నస్రీన్ అనాటమీ తప్పింది. ఈ మధ్యాహ్నం సప్లిమెంటరీ వైవా కూడా పోతే ఏడాది మొత్తం పోయినట్టే.

చదవక కాదు. చదివిందల్లా గుర్తుండటానికి వాక్యాలు కట్టుకునేది. ఎముకలకో వాక్యం, నరాలకో వాక్యం. నోటుపుస్తకం నిండిపోయింది. ఆ వాక్యాలు గుర్తుండటం లేదని వాటికి మళ్ళీ ఓ పాట కట్టింది. ఆ తెలివేదో నేరుగా శరీరం మీద పెట్టి ఉంటే ఈపాటికి పాసయ్యేది.

పొద్దున్నే డిసెక్షన్ హాల్లో ప్రొఫెసర్ కూర్మయ్య గారు అడిగారు. "కాలేయం అడుగున ఏమేం ఆనుకుని ఉంటాయమ్మా?"

"ఎర్రి సన్యాసి డబ్బాలో కోడిని కుక్కాడు సార్!"

"ఎవడు?"

"ఒక్కో మాట మొదటి అక్షరానికీ ఒక్కో అవయవం సార్. ఎసోఫేగస్, స్టమక్, డుయోడినమ్, కోలన్, కిడ్నీ."

"బాగుంది. అందులో కిడ్నీ ఎక్కడ ఆనుకుంటుంది?"

నస్రీన్ కళ్ళు పైకెత్తి లోపల్లోపల అప్పజెప్పుకుంది. "కుక్కాడు దగ్గర సార్."

కూర్మయ్య గారు నెత్తి కొట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి జవాబు వినలేదు.

"ఏటమ్మా ఇది! రేపు పేషెంటు కడుపు కోసి సన్యాసి కోసం ఎతుకుతావేటి?"

ఆమెకు ఏడుపొచ్చింది. "ఇంకోటి కట్టుకుంటాను సార్. ఐదు నిమిషాలు."

"వద్దు తల్లీ. నీకో దణ్ణం, ఇంకోటి కట్టకు."

ఆయన విసురుగా లేచి, ఫార్మలిన్ తొట్టిలోంచి గట్టిపడిన కాలేయం ఒకటి తీశారు. అడుగుభాగం పైకి వచ్చేలా ట్రేలో పెట్టి తువ్వాలు కప్పారు.

"గ్లవ్స్ ఏసుకో. సూడకు. నోరు కదపకు. తడుము."

నస్రీన్ తువ్వాలు కిందికి చేతులు పోనిచ్చింది. కుడిపక్క ముందువైపు లోతు తక్కువ పల్లం తగిలింది. దాని వెనకే లోతైన గుంట. వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఆ ఆకారం ఆమెకు తెలుసు. నిన్ననే కిడ్నీని ఇదే చేత్తో పట్టుకుంది.

"ఇక్కడ... ఇక్కడ పడుకుని ఉండేది సార్."

 ఎవరూ అడక్కుండానే ఆమె చెయ్యి ఎడమవైపు జరిగి, స్టమక్ ఒరిగిన చోటు వెతుక్కుంది.

"ఈ మనిషి పోయి ఆరేళ్ళయింది," అన్నారు కూర్మయ్య గారు, చిరాకు ఇంకా తగ్గకుండానే. "దీనికి నీ సన్యాసి తెలీదు. పక్కనున్నోళ్ళని ఒక్కర్నీ మర్చిపోలేదు."

మధ్యాహ్నం వైవాలో ఎగ్జామినర్ అదే ప్రశ్న అడిగాడు. నస్రీన్ కళ్ళు మూసుకుని చెయ్యి చాచింది.