చప్పట్ల శాసనం

సముద్రానికి దగ్గరగా, కొండలకు దూరంగా కుందవరం అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని చండవిక్రముడు ఏలేవాడు. మనిషి మంచివాడే గానీ, అన్ని విద్యల్లోనూ తనంతటివాడు లేడని గట్టి నమ్మకం.

ఒక ఏడు విదేశీ నాటకాలవాళ్ళు ఓడ దిగి వచ్చి కోట మైదానంలో ఆడారు. జనం విరగబడి చూశారు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా ఆహా ఓహో అన్నారు. రాజుకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"మన పాట, మన ఆట మనమే చూడకపోతే ఇంకెవరు చూస్తారు? మన కళను ఆదరించడమే దేశభక్తి!" అని చాటింపు వేయించాడు.

ఆ మాట విని తోలుబొమ్మలాడించే సింగమ్మ పొంగిపోయింది. మూలపడ్డ బొమ్మలకు దుమ్ము దులిపి రంగులు వేసింది.

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. రాజే ఒక నాటకం రాశాడు. పేరు 'చండవిక్రమ దిగ్విజయం'. నాయక వేషమూ తనదే. "ఇంత గొప్పది ఉండగా ఇంకోటి ఎందుకు? మైదానం ఇక దీనికే. చూసి చప్పట్లు కొట్టనివాడు దేశద్రోహి" అని రెండో చాటింపు వేయించాడు. మైదానం చుట్టూ బెత్తాలతో భటుల్ని నిలబెట్టాడు.

సింగమ్మ మేళం మూటలు బండికెక్కించి పొరుగు రాజ్యానికి బయలుదేరింది. కోట వాకిట్లో ఆస్థాన విదూషకుడు సూరంభట్టు ఎదురయ్యాడు.

"ఎక్కడికమ్మా?"

"ఆడనిచ్చే చోటికి, సామీ. మన కళను ఆదరించమన్న రాజ్యంలో మాకే చోటు లేకపోయె."

"రెండు రోజులు ఆగు తల్లీ. బండి మటుకు విప్పకు. నా మాట పారకపోతే నేనూ అదే బండి ఎక్కాల్సి వస్తుంది."

ఆ సాయంత్రం సూరంభట్టు నాటకానికి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. రాజు రంగం మీదికి రాగానే సూరంభట్టు చప్పట్లు కొట్టాడు. రాజు పద్యం మరిచిపోయి నీళ్ళు నమిలితే, ఇంకా గట్టిగా కొట్టాడు. నాటకంలో రాణి ప్రాణం విడిస్తే, లేచి నిలబడి మరీ కొట్టాడు.

రాజు పద్యం ఆపేశాడు. "సూరంభట్టూ! రాణి చచ్చిపోతే చప్పట్లా?"

"శాసనంలో కొట్టమన్నారు గానీ ఎక్కడ కొట్టాలో చెప్పలేదు ప్రభూ. అందుకని దొరికిన చోటల్లా కొడుతున్నాను."

"మిగతావాళ్ళకు తెలియడం లేదా?"

"వాళ్ళు బెత్తం కదిలినప్పుడు కొడుతున్నారు ప్రభూ. నాకు చూపు ఆనదు."

రాజు ముఖం కందగడ్డలా అయింది. "అంటే నా ప్రజలు భయపడి కొడుతున్నారంటావా? రేపటిలోగా రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే దేశం విడిచి పో!"

సూరంభట్టు చేతులు కట్టుకున్నాడు. "చిత్తం. ఒక్క మనవి. పాపం ఆ భటులు నాటకానికి వీపు పెట్టి నిలబడుతున్నారు. వాళ్ళకు దేశభక్తి లేదా? రేపు వాళ్ళనూ కూర్చుని చూడనివ్వండి."

ఆ మాట రాజుకు బాగా నచ్చింది. "కూర్చోనీ!"

"మైదానం ఆ చివర తోలుబొమ్మలూ ఆడనివ్వండి. ఎవరి సత్తా ఏమిటో తేలిపోతుంది."

"ఆడనీ! తోలు ముక్కలు నాకు పోటీయా?" అని రాజు మీసం దువ్వాడు.

మర్నాడు సాయంత్రం రాజు మొదటి పద్యం ఎత్తుకునేసరికి ఆ చివర సింగమ్మ డప్పు మోగింది. ముందుగా లేచిపోయింది భటులే. వాళ్ళ వెనక వర్తకులు, పండితులు వెళ్ళారు. మంత్రి వెనక్కి వెనక్కి జరుగుతూ మాయమయ్యాడు. నిన్న నాటకంలో చనిపోయిన రాణి కూడా రంగం దిగి పరుగెత్తింది.

రాజు పద్యం ముగించి కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా సూరంభట్టు ఒక్కడే కూర్చున్నాడు.

"నువ్వెందుకు పోలేదు?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"తమరూ మన దేశపు నటులే కదా ప్రభూ. ఒక్కడైనా ఉండకపోతే బాగుండదని."

అవతల నవ్వులు ఆకాశాన్నంటుతున్నాయి. రాజు ఉండబట్టలేక కిరీటం తీసి చంకలో పెట్టుకుని వెళ్ళి జనంలో కూర్చున్నాడు. తెర మీద ఒక రాజు బొమ్మ తన పొడవాటి కిరీటంతో గుమ్మం దూరలేక తిప్పలు పడుతోంది. "వంగితే పోతుంది కదా దొరా!" అంటోంది దాసి బొమ్మ. "వంగితే నేను రాజునెలా అవుతానే?" అంటోంది రాజు బొమ్మ.

రాజును చూసి జనం బిగుసుకుపోయారు. డప్పు ఆగింది.

చండవిక్రముడు ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వి, చప్పట్లు చరిచాడు.

"ప్రభూ, ఇక్కడ బెత్తాలేమీ లేవే!" అన్నాడు వెంట వచ్చిన సూరంభట్టు నెమ్మదిగా.

"అర్థమైందిలేవోయ్!" అని రాజు లేచాడు. "ఇక మైదానం అందరిదీ. సింగమ్మ మేళాన్ని ఖజానా పోషిస్తుంది. ఎవరికి నచ్చినప్పుడు వాళ్ళు చప్పట్లు కొట్టుకోవచ్చు." ఆపైన దిగులుగా అడిగాడు. "మరి నా నాటకం ఏం చెయ్యమంటావు?"

"దాన్ని మించిన దేశసేవ లేదు ప్రభూ. సరిహద్దు దగ్గర ఆడించండి. రెండో అంకానికల్లా శత్రుసైన్యం మొత్తం నిద్రపోతుంది. కత్తి దూయకుండా పోయి పట్టుకోవచ్చు."

రాజు మళ్ళీ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి సూరంభట్టు మెడలో వేశాడు.