ధవళేశం కొంగ ఫోటోల వెనక మాటలు

రెల్లుమడుగు ఒడ్డున చిలకమ్మ ఫోటోల కొట్టు తెరిచిన దగ్గర్నుంచి, ధవళేశం అనే కొంగ చేపలు పట్టడం మానేసి ఫోటోలు పట్టడం మొదలెట్టాడు. ఒంటికాలి మీద గంటలకొద్దీ కదలకుండా నిలబడగలవాడికి ఇంతకు మించిన పని ఏముంటుందని అతని వాదన. నిజం చెప్పొద్దూ, ఫోటోలు బాగానే వచ్చేవి. కడుపే నిండేది కాదు. భార్య వెల్లమ్మ ఒక్కతే పట్టే చేపలు నలుగురు పిల్లలకి ఏ మూలకీ చాలేవి కావు. వానాకాలం పోయేలోగా ఒక్క ఫోటో అయినా అమ్ముడుపోకపోతే కెమెరా మడుగులో పారేసి మళ్ళీ చేపల వేటకే రావాలని ఆవిడ గడువు పెట్టేసింది.

చిలకమ్మ పూర్వం పంజరంలో ఉండి జోస్యం చెప్పేది. కొట్టులోనూ అదే పద్ధతి. పెళ్ళి కార్డుకో, దుకాణం బోర్డుకో బొమ్మ కావలసినవాళ్ళు వచ్చి ఒక మాట చెప్తారు. ఆ మాట ఏ ఫోటో వెనక రాసి ఉంటే దాన్ని ముక్కుతో లాగి బయట పడేస్తుంది. ముందువైపు బొమ్మ చూడనే చూడదు. ఫోటో అమ్ముడుపోతే తీసినవాడికి ఒక చేప.

ధవళేశానికేమో తను కవినని గట్టి నమ్మకం. ఎండలో ఆరేసిన వల ఫోటో వెనక 'నిరీక్షణ' అని రాశాడు. కప్ప ఫోటో వెనక 'అంతర్మథనం'. కళేబరం చుట్టూ చేరిన రాబందుల ఫోటో వెనక 'అనిత్యం'. అడిగిన నాథుడు లేడు.

అదే కొట్టులో గుంటనక్క మామ ఫోటోలు మాత్రం రోజూ ఒకటో రెండో పోయేవి. వాటిలో బొమ్మలు తలలు తెగి, కాళ్ళు తెగి ఉండేవి, అయినా పోయేవి. ధవళేశం సిగ్గు చంపుకుని సలహా అడిగాడు.

"ఏముందల్లుడూ! ఇప్పుడందరూ అడిగేది పెళ్ళి. అన్నిటి వెనకా పెళ్ళి, విందు, బంధువులు అని బరికెయ్."

"కప్పకి పెళ్ళేమిటి మామా?"

"వానల కోసం కప్పలకి పెళ్ళి చెయ్యరూ?"

ఆ తెలివికి ధవళేశం తబ్బిబ్బయి, ఆ పూటే అన్నిటి వెనకా బరికేశాడు.

మర్నాడు ఎలుగన్న కాబోయే వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. "మా అమ్మాయి పెళ్ళమ్మా. కార్డు మీదకి, బంధువులంతా విందులో కూర్చున్న ఫోటో ఒకటి తియ్యి." చిలకమ్మ లాగి పడేసింది. చూస్తే, కుళ్ళిన కళేబరం మీద రాబందులు. వియ్యంకుడి మొహం మాడిపోయింది.

"అయితే మేం పీక్కుతినేవాళ్ళమా బావగారూ?"

పెళ్ళి తప్పినంత పనైంది. చిలకమ్మ ధవళేశాన్ని పిలిపించి, "బొమ్మలో లేని మాట ఇంకొక్కసారి రాశావంటే నీ ఫోటోలకి నా కొట్టులో చోటుండదు" అంది. నక్క మామ అటు తిరిగి మీసం దువ్వుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ధవళేశం తన్ను తానే తిట్టుకున్నాడు. కొంగ పుటక పుట్టాక అడుసు తొక్కక చస్తానా అని మళ్ళీ నవ్వూ వచ్చింది.

ఇంటికెళ్తే వెల్లమ్మ అందుకుంది. "పిల్లలు ఆకలేసి ఏమని ఏడుస్తున్నారు?"

"చేప అని."

"మత్స్యావతారం అని ఏడవట్లేదు కదా? కొనేవాళ్ళూ అంతే. వాళ్ళేమంటున్నారో పోయి విను."

ధవళేశానికి నిజంగానే తల కొట్టేసినట్టయింది. చేప ఎటు తిరుగుతోందో చూడకుండా అతను ఏనాడూ నీళ్ళలో ముక్కు పెట్టలేదు. మాటల దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని పొడిచాడు. వెళ్ళి కొట్టు పక్కన నిలబడి చెవులప్పగించాడు. వచ్చినవాళ్ళు వల అన్నారు, వాన అన్నారు. ఒక్కరైనా నిరీక్షణ అనలేదు. వింటూ వింటూ పాత మాటలన్నీ చెరిపి, బొమ్మలో ఏముంటే అదే రాశాడు. పాడు అలవాటు ఊరుకోక ఒకచోట 'వర్షధార' అని పడింది. కొట్టేసి 'వాన' అని దిద్దాడు.

అంతలో కర్రెమ్మ అనే గేదె రొప్పుతూ వచ్చింది. పాలకొట్టు పెడుతూ, బోర్డు మీదకని నిన్ననే నక్క మామ ఫోటో పట్టుకెళ్ళింది.

"చిలకమ్మా, ఇందులో తోక తప్ప ఏం లేదే! తోక చూసి పాలెవరు కొంటారు? గేదె, దూడ, పాలు. ఈ మాటలతో ఇంకోటుందేమో చూడు."

ధవళేశం మెడ చాచి చూశాడు. ఇదీ తప్పితే కెమెరా మడుగు పాలు. చిలకమ్మ ముక్కు పెట్టి లాగింది.

జడివానలో దూడని పొట్ట కిందకి చేర్చుకుని పాలిస్తున్న గేదె. కర్రెమ్మ చూస్తూ చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇది నేనే! ఇదిగో నా బుజ్జి దూడ!"

తోక ఫోటోకి తీసుకున్న చేప కొంగకిచ్చెయ్యమంది చిలకమ్మ. నక్క మామ దాన్ని ఎప్పుడో మింగేశాడు. అందరూ చూస్తుండగా ఒళ్ళు తడుపుకుని ఇంకోటి పట్టుకురావలసి వచ్చింది.

"ఇంత మంచి బొమ్మ నిన్న దొరకలేదేమయ్యా?" అంది కర్రెమ్మ. "వెనక ఏం రాసి ఉంచావు?"

ధవళేశం మెడ ముడుచుకున్నాడు. "నిన్న పెళ్ళి అని ఉంది. మొదట్లో అయితే అనిర్వచనీయం అని రాశాను."

"అంటే?"

"మాటల్లో చెప్పలేనిది అని, తల్లీ."

"చెప్పలేనిదాన్ని నేనేమని అడిగేదయ్యా?"

కొట్టంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది ధవళేశమే.

కొనేవాడి నోట్లో లేని మాట, అమ్మేవాడి నోట్లోకి కూడు తేదు.